చేటలో మిగిలిన రాయి

ఊపిరికొండ నెత్తిన ఆ మేఘం అలాగే కూర్చుని ఉంది.

ఏడేనుగుల్ని ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంత ఎత్తో అంత మందం. నల్లరేగడి చేను చేనంతా చాపలా చుట్టి ఆకాశానికి వేలాడదీస్తే ఎంత నలుపో అంత నలుపు. అంచుల వెంట వెండిజరీ, పొట్ట కింద ఊదారంగు నీడ. గాలి వీస్తే కదలదు, పిడుగు పడితే చెదరదు. మూడు నెలలుగా ఒక్క చుక్క రాల్చలేదు.

ఆ మేఘం కోసమే కొండకు తూర్పున తామ్రపురి రాజు రణధవళుడు పదివేల గుర్రాలతోనూ, పడమట వేత్రగిరి రాణి చిత్రాంబ మూడువందల ఏనుగులతోనూ దిగి ఉన్నారు. మేఘం కోసం యుద్ధమేమిటని నవ్వేవాళ్లు నవ్వండి, కడుపునిండా నీళ్లు తాగి మరీ నవ్వండి. ఆ రెండు రాజ్యాలకూ నది లేదు, ఏరు లేదు. ఏడేళ్లుగా వాళ్లు తాగిందీ, పండించిందీ, పట్టపుటేనుగుకు స్నానం చేయించిందీ ఆ ఒక్క మేఘం నీళ్లతోనే. ఒక ఏడు తూర్పుకు వంగి కురిసేది, మరుసటి ఏడు పడమటికి వంగి కురిసేది. ఈ ఏడు ఎటూ వంగలేదు. "మీరు కట్టేశారు" అన్నది తూర్పు. "మీరే కట్టేశారు" అన్నది పడమర.

రెండు సైన్యాలకూ నడుమ, కొండకు దక్షిణాన, నలభై గడపల నడిమిపాడు ఉంది. పొద్దు వేత్రగిరి కోటబురుజును తాకగానే రెండు వైపులా శంఖాలు మోగుతాయి. మోగితే ఆ గుర్రాలూ ఈ ఏనుగులూ ఢీకొనేది నడిమిపాడు ఇళ్ల మీదే. అందులో మూడో ఇల్లు మేదరి సింగనది. ఆ ఇంట్లో అతని భార్య చెన్నక్క నెలలు నిండి, కదల్చడానికి వీల్లేకుండా మంచం పట్టి ఉంది.

అందుకే మన సింగన పాతికేళ్ల మొహానికి మేకవెంట్రుకల గడ్డం అతికించుకుని, ఎనభై ఏళ్ల ముసలాయనలా నడుం వంచి, రెండు సైన్యాల మధ్య మైదానంలో కూర్చున్నాడు. ముందు ఒక కొత్త వెదురుచేట. భుజాన తగవరి ఏలేశ్వరుడి శాలువా. పక్కన ఆయన చేతికర్ర.

తగవరి అంటే తగవులు తీర్చే పెద్దమనిషి. ఏలేశ్వరుడు రెండు రాజ్యాలూ ఒప్పుకున్న ఒకే ఒక తగవరి. ఒకప్పుడు ఒకే లేడి కోసం రెండు పులులు కొట్లాడుకుంటుంటే ఆయన మధ్యలో చేట పెట్టుకుని కూర్చున్నాడనీ, సాయంత్రానికి పులులూ లేడీ కలిసి ఆయన్ను పొలిమేర దాకా సాగనంపాయనీ నడిమిపాడువాళ్లు చెబుతారు. లేడి సాక్ష్యం కూడా చెప్పిందట. అంతటివాడు మూడు రోజుల కింద ఊపిరికొండ గుహలోకి ఒంటరిగా వెళ్లాడు. వెదురు కొట్టడానికి పోయిన సింగనకు గుహ వాకిట శాలువా, కర్ర మాత్రమే దొరికాయి. శాలువా ఎవరో నమిలి ఉమ్మేసినట్టు ముడతలు పడి ఉంది.

ఒక్కో తగవుకు ఒక్కో కొత్త చేట కావాలి. ఏలేశ్వరుడు ఎప్పుడూ సింగన దగ్గరే కొనేవాడు. చేట ఇచ్చిన సింగన అక్కడే చతికిలబడి తగవంతా చూసేవాడు. ఆ చూసిన చదువే ఇవాళ అతని పెట్టుబడి.

పొద్దు ఇంకా నాలుగు బారలుంది.

"తాతగారూ," అన్నాడు తామ్రపురి మంత్రి విశంకటుడు, ముక్కు ఎగబీలుస్తూ. "మీ గడ్డం మేక వాసన వస్తోందేమిటి?"

"మేకపాలు తాగి బతుకుతున్నాను నాయనా," అన్నాడు సింగన గొంతు వణికిస్తూ. "నువ్వేం తాగుతావో నీ దగ్గరా అదే వాసన వస్తోంది."

వేత్రగిరి ఏనుగుల మీంచి నవ్వులు వినిపించాయి. విశంకటుడు కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు.

ఏలేశ్వరుడు తగవు మొదలుపెట్టే ముందు ఊరివైపు తిరిగి, కొండకు వీపు పెట్టి కూర్చునేవాడు. ఎంత ఎండ మొహాన కొడుతున్నా సరే అలాగే కూర్చునేవాడు. ముసలాయనకు నడుంనొప్పేమో, అలా అయితే సుఖంగా ఉంటుందేమోనని సింగన అనుకునేవాడు. ఇవాళ తనూ అలాగే కూర్చోబోయాడు. ఎదురుగా తన ఇంటి కప్పు కనిపించింది. కప్పు మీద చెన్నక్క పాకించిన పొట్లపాదు కనిపించింది. కళ్లు చెమర్చాయి. కన్నీళ్లు కారితే జిగురు ఊడి గడ్డం చేతిలోకి వస్తుందని భయపడి, లేచి ఇటు తిరిగి, కొండకు ఎదురుగా కూర్చున్నాడు.

కూర్చుని, చేట మీద అరచెయ్యి ఆనించి, ఆచారం ప్రకారం మూడుసార్లు పిలిచాడు.

"ఈ చేటకు చెప్పుకోవలసినవాళ్లు ఎవరున్నారో రండి! కాళ్లున్నవాళ్లు నడిచి రండి! కదల్లేనివాళ్లు రాయి పంపండి!"

మంచాన పడ్డ ముసలివాళ్ల కోసం ఎవరో ఏనాడో పెట్టిన మాట అది. మొదటి పిలుపు కొండను తాకి మారుమోగింది. రెండోదీ మారుమోగింది.

మూడో పిలుపు వెళ్లింది. తిరిగి రాలేదు.

ఎక్కణ్నుంచో బుస్సుమని దుమ్ము రేగి చేట మీద పడింది. గుర్రాలన్నీ ఒక్కసారి చెవులు వెనక్కి వాల్చాయి. సింగన కళ్లు నులుముకున్నాడు. రాజూ రాణీ అప్పటికే ఎదురుగా వచ్చి కూర్చున్నారు. ఇద్దరూ చెరి అయిదు గులకరాళ్లు చేటలో వేశారు. ఒక్కో రాయి ఒక్కో ఫిర్యాదు.

"ధర్మం మీకు తెలిసిందే," అన్నాడు సింగన. "ఒకరి ఫిర్యాదు రెండోవారు తమ నోట పలకాలి. 'అదే నా మాట' అని చెప్పుకున్నవారు ఒప్పుకునేదాకా పలకాలి. ఆ పైన జవాబు. మనసు తేలికపడితే వేసినవారే తమ చేత్తో రాయి తీసుకోవాలి. నేను తాకను, ఇంకెవరూ తాకకూడదు. చేటలో ఒక్క రాయి ఉన్నా ఎవరూ తగవు విడిచి లేచిపోకూడదు, ఎవరూ ఆయుధం ఎత్తకూడదు."

రణధవళుడు మీసం దువ్వాడు. "మొదటి రాయి నాది. వేత్రగిరివాళ్లు వెంట్రుకల తాళ్లు పేని మేఘాన్ని కొండకు కట్టేశారు."

"అమ్మా, మీ నోట పలకండి."

"నేనెందుకు పలకాలి?" అంది చిత్రాంబ. "అది పచ్చి అబద్ధం."

"నమ్మమనడం లేదు తల్లీ, పలకమంటున్నాను. ఆయన బాధ మీ నోట్లో ఎంత బరువుందో చూసుకోండి."

రాణి పళ్లు బిగించి పలికింది. రాజు "అదే నా మాట" అన్నాడు. అప్పుడు రాణి తన పరివారంలోని ఆడవాళ్లందరినీ వరసగా నిలబెట్టింది. "అంత తాడు పేనాలంటే మా రాజ్యంలో ఒక్కతెకు జడ మిగలదు. చూసుకోండి! ఎవరిది తగ్గిందో కొలుచుకోండి!"

మోకాళ్ల దాకా వేలాడుతున్న జడలు చూసి రణధవళుడు ఇబ్బందిగా దగ్గి తన రాయి తీసుకున్నాడు.

ఇంతలో కాపలావాళ్లను మోచేతులతో తోసుకుంటూ నడిమిపాడు మంత్రసాని గురవమ్మ వచ్చిపడింది. "తప్పుకోండర్రా! తగవరి తాతకు మంచినీళ్లు తెచ్చా. ఆ మాత్రం పుణ్యం కూడా మీ రాజులే కట్టుకుంటారా?" చెంబు కింద పెట్టి, సింగన చెవి దగ్గరకు వంగి, గడ్డంకేసి చూసి, పెదవి కదపకుండా అంది, "ఒరేయ్, నొప్పులు మొదలైనాయి. మొదటి కానుపు. గుర్రాల అడుగు పడితే నేను కాదు, బెమ్మదేవుడు కూడా ఏం చెయ్యలేడు. ఎంతసేపు ఆపగలవు?"

"రాళ్లున్నంతసేపు, అత్తా."

"అయితే నిదానంగా తియ్యించు. ఆ గడ్డం ఎడంపక్క ఊడుతోంది, సర్దుకో." అని వచ్చినంత వేగంగా వెళ్లిపోయింది.

సింగన గడ్డం గోక్కుంటున్నట్టు నటిస్తూ సర్దుకున్నాడు. తరువాతి రాయి రాణిది.

"నిరుడు మేఘం మావైపు కురిసింది. మీకు కరువొచ్చింది. నలభై బండ్ల కుండలతో మీ పిల్లల దాహానికి నీళ్లు పంపాను. కుండలన్నీ పగలగొట్టి పెంకులు తిప్పి పంపారు."

రణధవళుడు ఆ మాటలు పలకడం మొదలుపెట్టాడు. 'పిల్లల దాహానికి' అనేచోట గొంతు ఆగింది. రెండోసారి పలికాడు. మూడోసారికి గాని పూర్తిచేయలేకపోయాడు.

"అదే నా మాట," అంది రాణి.

"నా జవాబు వినండి," అన్నాడు రాజు, ఇప్పుడు మీసం జోలికి పోకుండా. "మాకు చేరిన కుండల్లో నీళ్లు లేవు. ఇసుక ఉంది. నా కూతురు ముంత ముంచింది. ఇసుక వచ్చింది. నోట్లో పోసుకుని ఏడ్చింది. వెక్కిరించారనుకున్నాను. అందుకే పగలగొట్టాను."

"నేను నీళ్లే పంపాను. మూతలకు గుడ్డ నా చేత్తో కట్టాను."

"గుడ్డలు కట్టినట్టే ఉన్నాయి. విప్పింది నేనే."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సింగన నెమ్మదిగా అడిగాడు. "బండ్లు ఏ దారిన వెళ్లాయి?"

"ఊపిరికొండ కనుమ దారిన."

ఎవరూ కొండవైపు చూడలేదు. చూడకూడదని ఎవరూ చెప్పలేదు, అయినా చూడలేదు. రాణి తన రాయి తీసుకుంది.

ఆ తరువాత తగవు పరుగెత్తింది. కొండ చరియ మీద మా కావలివాళ్లను పన్నెండుమందిని చంపారని రాజు అంటే, మావాళ్లు పద్దెనిమిదిమంది అక్కడే మాయమయ్యారని రాణి అంది. మేఘం మీదికి నిప్పుబాణాలు వేశారని ఈవిడ అంటే, మేమెందుకు వేస్తాం, మా ఇళ్ల మీద కూడా పైనుంచే నిప్పురవ్వలు పడ్డాయని ఆయన అన్నాడు. ఒక్కో రాయీ లేస్తున్న కొద్దీ సింగన వీపున చెమట చల్లబడుతోంది. ఈ పాపాల్లో ఒక్కటీ తూర్పు చెయ్యలేదు, పడమరా చెయ్యలేదు. మరి చేసిందెవరు?

బారెడు పొద్దు మిగిలింది. రాజు తన అయిదో రాయి తీసుకున్నాడు. రాణి తన అయిదో రాయి తీసుకుంది. ఏనుగుల మీద ఎవడో ఈల వేశాడు. గుర్రాల వైపు కేరింతలు పుట్టాయి. రణధవళుడు లేవబోయి ఆగాడు.

చేటలో ఇంకో రాయి ఉంది.

కోడిగుడ్డంత ఉంది. తడిగా ఉంది. మూడు నెలలుగా తడి అన్నది కనిపించని నేల మీద, ఆ రాయి చుట్టూ వెదురుబద్దలు నానిపోయి నల్లబడ్డాయి.

"అది నాది కాదు," అన్నాడు రాజు.

"నాదీ కాదు," అంది రాణి.

రాయి ఉబ్బింది. తగ్గింది. మళ్లీ ఉబ్బింది.

"ఇంత హంగామా ఎందుకు? ఎవడో కుర్రకుంక విసిరి ఉంటాడు, తీసి పారేస్తే సరి!" అంటూ విశంకటుడు వంగాడు.

"ముట్టుకోవద్దు!" సింగన అరిచాడు. ముసలి గొంతు మరిచిపోయి పాతికేళ్ల గొంతుతో అరిచాడు.

విశంకటుడి వేళ్లు రాయికి తగిలాయి. చిటుక్కుమంది. గోళ్లు తెల్లబడ్డాయి, వేళ్లు బూడిదరంగయ్యాయి, మణికట్టు, ముంజేయి, మోచెయ్యి! కంకణం వేడి పెనం మీది గింజలా ఎగిరిపడింది. మంత్రి తన చెయ్యి తానే మోయలేక దబ్బున కూలబడి గావుకేక పెట్టాడు. మోచేతి దాకా నున్నటి నల్లరాయి.

"మంత్రం పెట్టారు! వేత్రగిరి ద్రోహం!" తూర్పున కత్తులు దూసిన చప్పుడు. "తామ్రపురి మోసం!" పడమట ఏనుగుల ఘీంకారం. రెండు వైపులా శంఖాలు పెదవుల దాకా లేచాయి.

సింగన చేటను రెండు చేతులా ఎత్తి పట్టుకుని మైదానం మధ్య నిలబడ్డాడు. "చేటలో రాయుంది! కనిపిస్తోందా? రాయి ఉండగా శంఖం ఊదినవాడికి ఏడు తరాల దాకా ఎవరూ తగవు తీర్చరు! వాడి ఇంట అన్నదమ్ములు పోట్లాడుకుంటే పోట్లాడుకుంటూనే చస్తారు! ఊదండి చూద్దాం!"

శంఖాలు దిగాయి. ఎంతటి వీరుడికైనా ఇంట్లో అన్నదమ్ములుంటారు కదా.

అప్పుడు చేట మాట్లాడింది.

"'అదే నా మాట' అనడానికి నేనూ వచ్చాను."

ఆ గొంతు సింగనకు తెలుసు. అది ఏలేశ్వరుడి గొంతు. కాని ఏలేశ్వరుడు మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునేవాడు. ఈ గొంతు తీసుకోవడం లేదు.

"ఎవరు?" అన్నాడు సింగన. "తాతేనా?"

"నాకు నోరు లేదు. మీ ముసలాయన నోరు అరువు తెచ్చుకున్నాను. పనయ్యాక ఇస్తాను. ఏడేళ్లుగా నా ఊపిరి మీ పొలాల మీద కురిసింది. తాగారు. దొంగతనమని నేను అనలేదు. మూడు నెలల కింద నా ఊపిరి ఆగింది. ఎందుకు ఆగిందని ఒక్కరు అడగలేదు. ఒకరినొకరు అడిగారు."

రాజూ రాణీ తలెత్తి మేఘంకేసి చూశారు. ఊపిరికొండకు ఆ పేరెందుకొచ్చిందో ఆ క్షణాన పదివేలమందికి ఒక్కసారే అర్థమైంది. కొండ ఊపిరి బిగబట్టి ఉంది. ఆ బిగబట్టిన ఊపిరే నెత్తిన నల్లగా కూర్చుంది.

"నీ ఫిర్యాదు ఎవరి మీద?" సింగన అడిగాడు. "రాజు మీదా, రాణి మీదా?"

"తగవరి మీద. అరవై ఏళ్లు నా పాదాల దగ్గర కూర్చుని అందరి బాధా విన్నాడు. నాకు మాత్రం వీపు చూపించాడు. ఇవాళ ఒకడు నాకు ఎదురుగా కూర్చుని, కదల్లేనివాళ్లు రాయి పంపండి అన్నాడు. పంపాను. లోపలికి రా. నా మాట నీ నోట పలుకు. పొద్దు బురుజును తాకేలోగా నేను 'అదే నా మాట' అనాలి. అనకపోతే ఊపిరి వదులుతాను. మొదట ఎగిరిపోయేది ఆ నలభై కప్పులే."

పొద్దు జానెడుంది.

సింగన చేట కింద పెట్టాడు. గడ్డం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. చెంప తోలు కొంత దాంతోపాటే వచ్చింది. శాలువా తీసి మడిచాడు.

"నువ్వు తగవరివి కావా?" రణధవళుడు కత్తి పిడి మీద చెయ్యి వేశాడు. "ఎవడివి నువ్వు?"

"మేదరి సింగనను, మహారాజా. చేటలల్లుతాను. ఆ మూడో ఇంట్లో నా పెళ్లాం పురిటినొప్పులు పడుతోంది. నా తల తరువాత తీసుకోండి, ఎటూ పారిపోను. చేట ముందు నిలబడేవాడు మొహం కప్పుకోకూడదు, అందుకే తీశాను. ఇప్పుడు నేనే తగవులో ఒక పక్షం. పక్షమైనవాడు తగవరిగా ఉండకూడదు. చేట ఇంకొకరు పట్టాలి."

"ఎవరు పడతారు?" అంది చిత్రాంబ.

"తూర్పు పట్టుకుంటే పడమర నమ్మదు. పడమర పట్టుకుంటే తూర్పు నమ్మదు. చెరో అంచు పట్టండి. వంగితే రాయి జారుతుంది. జారితే ఏమవుతుందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు."

రాజు, రాణి కదల్లేదు. రాయిచెయ్యి ఒళ్లో పెట్టుకుని విశంకటుడు మూలిగాడు. "పట్టండి మహాప్రభో! ఈ బరువు మీకు తెలీదు!"

చిత్రాంబ ముందు వంగింది. రణధవళుడు కత్తి తీసి దూరంగా విసిరేసి రెండో అంచు పట్టుకున్నాడు. చేట లేచింది. మూడు నెలలుగా ఒకరి మీద ఒకరు కత్తులు నూరిన ఇద్దరూ ఇప్పుడు ఒకరి చేతులు ఒకరు రెప్ప వాల్చకుండా చూసుకుంటున్నారు. ఒకరు ఊపిరి తీస్తే రెండోవారు ఆపాలి. వాళ్ల చేతుల మధ్య రాయి ఉబ్బుతోంది, తగ్గుతోంది.

సింగన గుహవైపు నడిచాడు.

గుహ నోట గడ్డిపరక కూడా కదలడం లేదు. లోపల పునుగు వాసన, తడిమట్టి వాసన, దాని వెనక పాత నెత్తురు వాసన. గోడల వెంట మనుషులు నిలబడి ఉన్నారు. పన్నెండుమంది తామ్రపురి కావలివాళ్లు, పద్దెనిమిదిమంది వేత్రగిరి కావలివాళ్లు, అందరూ నల్లరాళ్లు. అందరి నోళ్లూ తెరిచి ఉన్నాయి. ఏదో పలకబోతూ ఆగిపోయిన నోళ్లు. అందరూ గుమ్మంవైపే తిరిగి ఉన్నారు. ఒక్కడంటే ఒక్కడు లోపలికి చూడడం లేదు.

సింగనకు తెలిసింది. పారిపోవడానికి వెనక్కి తిరిగారు. కొండకు వీపు చూపించారు.

ఒక్క అడుగు లోపలికి వేశాడు. సరిగ్గా అప్పుడు, వెనక ఊళ్లోంచి, పలచని గాలిని చీల్చుకుంటూ కెవ్వుమని ఒక ఏడుపు వినిపించింది. భూమ్మీద అప్పుడే పడ్డ గొంతు. నడిమిపాడులో మూడో ఇల్లు.

మెడ దానంతటదే తిరగబోయింది. సింగన రెండు చేతులా తన తల తానే గట్టిగా పట్టుకున్నాడు. మెడనరాలు తాళ్లలా బిగుసుకున్నాయి. తిరగకుండానే, చీకట్లోకే చూస్తూ, గుండెలు పగిలేలా అరిచాడు.

"గురవమ్మత్తా! ఆడా, మగా? చెన్నక్క ఎలా ఉంది?"

ఆ ఇంటి గుమ్మంలోంచే గురవమ్మ ఏదో గట్టిగా చెప్పింది. అంతలో కొండ, మూడు నెలల తరువాత మొదటిసారి, ఊపిరి లోపలికి పీల్చుకుంది. నెత్తిన ఉన్న ఆ నల్లటి మేఘం మేఘమంతా సుడి తిరుగుతూ గుహలోకి దూకి, ఆమె మాటను సగంలోనే మింగేసి, సింగనను అరచేతిలో గింజలా ఎత్తుకుని కొండ గర్భంలోకి దూసుకుపోయింది.

బయట, రాజూ రాణీ పట్టుకున్న చేట తూర్పుకు ఒక వేలెడు వంగింది.